నాలుగో అంకం వదిలేశాను

హామ్లెట్ పిరికివాడని చాలా ఏళ్ళు పాఠం చెప్పాను. తండ్రిని చంపినవాడు సింహాసనం ఎక్కి కూర్చుంటే, తల్లి వాణ్ణే పెళ్ళాడితే, పోయిన తండ్రి దయ్యమై వచ్చి పగ తీర్చమంటే, కొడుకన్నవాడు కత్తి దూయకుండా తనలో తను మాట్లాడుకుంటూ తిరుగుతాడా అని క్లాసులో కోపంగా అడిగేవాణ్ణి. పరీక్షలో వచ్చే ప్రశ్నా అదే, హామ్లెట్ జాప్యానికి కారణాలేమిటని. గైడులో జవాబు సిద్ధంగా ఉండేది. విమర్శకుడు బ్రాడ్లీ 1904లో ఇచ్చిన కారణం ఒకటి, ఫ్రాయిడ్ చెప్పిన కారణం మరొకటి. 1948లో లారెన్స్ ఒలివియర్ తీసిన సినిమా అయితే ఇది నిర్ణయం తీసుకోలేని మనిషి కథ అని మొదట్లోనే తేల్చేస్తుంది. ఇంతమంది చెప్పాక నాటకాన్ని మళ్ళీ మొదటినుంచి చివరిదాకా చదివే పనేముంది అనుకున్నాను. నా మూర్ఖత్వం అక్కడ మొదలైంది.

చదివి ఉంటే కాలం లెక్కయినా తెలిసేది. తండ్రి పోయి రెండు నెలలు కూడా కాలేదని మొదటి అంకంలో హామ్లెట్ అంటాడు. మూడో అంకంలో నాటకం ఆడించే రాత్రికి నాలుగు నెలలయిందని అతని ప్రేయసి ఒఫీలియా చెబుతుంది. అంటే దయ్యం మాట విన్నాక గడిచింది అటూఇటూగా రెండు నెలలు. ఆ కుర్రాడు చదువుకున్నది విట్టెన్‌బర్గ్‌లో, 1517లో లూథర్ చర్చిని ఎదిరించిన ఊళ్ళో. పోయినవాళ్ళ ఆత్మలు పాపక్షాళన లోకం నుంచి తిరిగొస్తాయన్న నమ్మకాన్ని లూథర్ వెంట నడిచినవాళ్ళు తోసిపుచ్చారు. మరి తండ్రి రూపంలో వచ్చింది సైతాను కాదని ఎవరు పూచీ? దయ్యం చెప్పిందని ఒక మనిషి ప్రాణం తీయవచ్చా? అందుకే నటుల చేత ఆ హత్యనే కథగా ఆడించాడు, రాజు ముఖం కనిపెట్టి చూడమని స్నేహితుడు హొరేషియోకి చెప్పి తనూ చూశాడు. ఏ న్యాయస్థానమైనా చేసే విచారణ అది. నేను దానికి బోర్డు మీద 'వాయిదా' అని పేరు పెట్టాను.

ఆ రాత్రే రాజు ఒంటరిగా మోకరిల్లి ఉంటాడు. హామ్లెట్ కత్తి పట్టుకుని వెనక నిలబడి కూడా ఆగిపోతాడు. ప్రార్థనలో ఉండగా చంపితే స్వర్గానికి పోతాడేమోనని, పాపంలో ఉన్నప్పుడే చంపాలని. ఆ ఆగడంలో దయ లేదు, అది మరింత క్రూరమైన కోరిక. కాసేపటికి తల్లి గదిలో తెర వెనక అలికిడి అవుతుంది. రాజే అనుకుని తెరలోంచే పొడుస్తాడు. పడిపోయింది పొలోనియస్, ఒఫీలియా తండ్రి. ఇన్నాళ్ళూ నేను కోరుకున్న హామ్లెట్ ఇతనే. ఆలోచించలేదు, ఆగలేదు. అక్కడినుంచి ఆఖరి తెర పడేలోగా ఇంకో ఏడుగురు పోయారు.

నాలుగో అంకం నేను చెప్పేవాణ్ణి కాదు. పరీక్షకు రాదని కథ రెండు ముక్కల్లో చెప్పి అయిదో అంకంలోకి, పుర్రె దగ్గరికి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ అంకంలో ఏముందో ఇప్పుడు చెబుతాను. పొలోనియస్‌ను గుట్టుగా పూడ్చేశారు. హోదాకు తగిన లాంఛనం ఒక్కటీ లేదు. చంపింది కూతురు ఒఫీలియా ప్రేమించినవాడు. ఆమెకు మతి చలించింది. సగం సగం పాటలు పాడుతూ సభలోకి వచ్చి ఒక్కొక్కరికీ పూలు పంచుతుంది, జ్ఞాపకానికని రోజ్‌మేరీ, తలపులకని పాన్సీ. పశ్చాత్తాపానికి గుర్తయిన చేదాకు ఒకరికిచ్చి తనకూ కొంచెం ఉంచుకుంటుంది. వయొలెట్లు కూడా ఇచ్చేదాన్నే కానీ నాన్న పోయినప్పుడు అవన్నీ వాడిపోయాయి అంటుంది. పిచ్చిదాని మాటలని సభ అనుకుంటుంది. తండ్రి కోసం ఏడ్చే హక్కు కూడా దొరకని పిల్ల, శవయాత్రలో చల్లాల్సిన పూలను అక్కడ చల్లుతోందని నాకు అర్థం కావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఆమె అన్న లేర్టీస్ ఆగే రకం కాదు. ఫ్రాన్స్ నుంచి వచ్చీరాగానే జనాన్ని వెంటేసుకుని రాజభవనం మీద పడ్డాడు. హామ్లెట్‌ను ఏం చేస్తావని రాజు అడిగితే చర్చిలోనైనా సరే గొంతు కోస్తానన్నాడు. రాజు మెచ్చుకున్నాడు, పగకు హద్దులుండకూడదన్నాడు. విషం పూసిన కత్తి పన్నాగం అక్కడే పుట్టింది. చివరికి ఆ కత్తే లేర్టీస్‌ను చంపింది. పగకు హద్దులుండకూడదన్న మాట నాటకంలో అన్నది హంతకుడు. క్లాసులో అన్నది నేను.

ఎందుకన్నానో కూడా దాచను. మా నాన్నను వ్యాపారంలో భాగస్థుడొకడు నిలువునా ముంచాడు. నాన్న ఆ దిగులుతోనే పోయారు. నేను వాణ్ణి ఒక్క మాట అనలేకపోయాను. కోర్టుకెక్కే స్తోమత లేదు, ఎదురుపడి అడిగే ధైర్యమూ లేదు. ఆ కసినంతా హామ్లెట్ మీద తీర్చుకున్నాను. అంతటితో ఆగినా బాగుండేది. ఒక ఏడాది హాజరు పట్టీలో ఆ ఇంటిపేరు కనబడింది. వాడి కూతురే. ఆ పిల్ల చెయ్యెత్తినప్పుడల్లా చూడనట్టు ఉండేవాణ్ణి.

ఒకరోజు అడగనే అడిగింది. "సార్, ఒఫీలియా కొమ్మ విరిగి నీళ్ళలో పడడం, బట్టలు పరుచుకుని కాసేపు తేలడం, పాడుకుంటూ మునిగిపోవడం, అన్నీ రాణి వర్ణిస్తోంది కదా. అంత దగ్గరగా చూసినవాళ్ళెవరూ చెయ్యి అందించలేదా?" అంతకంటే మంచి ప్రశ్న నా క్లాసులో ఎవరూ అడగలేదు. "పరీక్షకు పనికొచ్చేవి అడుగు, కూర్చో" అన్నాను. కూర్చుంది. ఆ తర్వాత ఏమీ అడగలేదు. తండ్రి మీద కోపం కూతురి మీద చూపించానని ఆ రోజే నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. కోర్సు అయ్యాక ఆ అమ్మాయి వెళ్ళిపోయింది, నేను క్షమాపణ అడగలేదు.

హామ్లెట్ చెబుతున్న మాస్టార్లకు నా మనవి ఒక్కటే. నాలుగో అంకం వదలకండి. అయిదో దృశ్యం క్లాసులో పైకి చదివించండి, వీలైతే ఆడించండి. ఏడో దృశ్యంలో రాణి మాటల దగ్గర ఎవరైనా చెయ్యెత్తితే కూర్చోమనకండి, ఆ గంటంతా ఆ ప్రశ్నకే ఇవ్వండి.