సాక్షి సంతకం

2024 సెప్టెంబరు 27, శుక్రవారం. మధ్యాహ్నం నాలుగు కావస్తోంది. వెలగపూడిలో ఆఫీసు ఇంకా నడుస్తూనే ఉంది గానీ, సెక్షనాఫీసరు తాత్కాలికరావుగారు అప్పుడే బ్యాగు సర్దేసుకున్నారు. పటమటలో ఓ అపార్టుమెంటు సెల్లారు దగ్గర, లింగంపల్లి ఇంటర్‌సిటీ అందుకోవాలని ఆటో కోసం చూస్తుంటే, స్టాంపు కాగితం పట్టుకుని ఓనరుగారు అడ్డం తగిలారు. వాచ్‌మన్ గది గుమ్మంలో ఇడ్లీ పిన్ని మినప్పప్పు చెరుగుతోంది. పేర్లు నేను పెట్టినవే. మనుషులు మాత్రం బెజవాడలో వీధికి నలుగురు దొరుకుతారు.

ఓనరు: రావుగారూ, ఒక్క నిమిషం. అగ్రిమెంటు గడువు అయిపోయింది. ఇంకో పదకొండు నెలలకి రాయించుకొచ్చా. ఇక్కడ మీ సంతకం, కింద ఇద్దరు సాక్షులవి.

రావు: పదకొండు నెలలా! అంతకాలం ఉంటానో లేదోనండీ. మనదంతా తాత్కాలికమేగా.

ఓనరు: 2016 జూన్‌లో దిగిన రోజున కూడా ఇదే మాటన్నారు. తొమ్మిది అగ్రిమెంట్లు అయ్యాయి. ఇది పదోది.

రావు: నన్నేం చెయ్యమంటారు? మా సచివాలయమే తాత్కాలికం. నేలపాడులో హైకోర్టు తాత్కాలికం. వారానికి ఐదు రోజుల పని కూడా తాత్కాలికమే, ఏటా ఏడాది చొప్పున పొడిగిస్తారు. రాజధానే అద్దెకున్నట్టుంటే గుమాస్తా గృహప్రవేశం చేస్తాడా?

ఓనరు: రాజధాని సంగతి నాకెందుకు గానీ, గోడకి మేకులేం కొట్టలేదు కదా?

రావు: అబ్బే! ఎనిమిదేళ్ళుగా క్యాలెండరు ఫ్రిజ్జుకి ఆనించే ఉంచాం.

ఓనరు: అదీ పద్ధతంటే. మేకు కొట్టినవాడు క్యాలెండరు తగిలిస్తాడు, క్యాలెండరు తగిలించినవాడు పక్కింటికి పులుసు పంపిస్తాడు. ఆ తర్వాత నేను అద్దె పెంచితే వీధంతా పంచాయితీకొస్తుంది. సరే, సాక్షుల్ని పిలవండి.

రావు: (ఫోన్ తీసి) దానికేం భాగ్యం. నాకు ఇరవై మూడు గ్రూపులున్నాయి. పొద్దున్నే గుడ్ మార్నింగ్ పెడితే సాయంత్రం దాకా దండాలు వస్తూనే ఉంటాయి.

ఓనరు: ఆ దండాలు స్టాంపు కాగితం మీద పడవుగా. ఈ వీధివాళ్ళు కావాలి. మీ పక్క ఫ్లాటాయన ఉన్నాడా?

రావు: ఆ... ఆయనే, బూడిదరంగు కారాయన.

ఓనరు: ఆ కారు అమ్మేసి మూడేళ్ళయింది. ఆయన ఇల్లు మారి రెండేళ్ళయింది.

రావు: పోనీ, వాచ్‌మన్‌ని పిలుద్దాం. ఏయ్... పేరేంటబ్బా...

పిన్ని: మా మరిది పేరు ఏడుకొండలు సార్. మొన్న వాన రాత్రి సెల్లారులోకి నీళ్ళొస్తే మీ స్కూటరు మెట్ల మీదికెక్కించింది ఆయనే.

రావు: అలాగా! ఎవరో ఎక్కించారనుకున్నా. నేనప్పుడు హైదరాబాద్‌లో ఇరుక్కుపోయానమ్మా. ఆదివారం బయల్దేరదామంటే కేసముద్రం దగ్గర పట్టాల కింద కంకరే కొట్టుకుపోయింది. కారులో వద్దామంటే ఐతవరం దగ్గర హైవే మునిగింది. అయినా మీతో టచ్‌లోనే ఉన్నా. మీ సింగ్‌నగర్ వీడియోలు ఇరవై మూడు గ్రూపుల్లోనూ పెట్టా. బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులని మా అందరిలోకీ ముందు పోస్టు చేసింది నేనే.

పిన్ని: మాకు రాలేదు సార్. మా ఫోన్లు బుడమేటి వరదలో ఉన్నాయి.

ఓనరు: (ఉత్సాహంగా) ఎంతెత్తు వచ్చాయేంటి నీళ్ళు?

పిన్ని: మంచం మీద కూచుంటే మోకాళ్ళకొచ్చాయి, లేచి నిలబడేలోపు నడుం దాటాయి. ఎదురు మేడ మీదికెళ్ళాం. రెండు రాత్రులు కరెంటు లేదు. ఒక మేడ మీంచి ఇంకో మేడకి కేకేసుకోవడమే. ఎవరికి బీపీ మాత్ర కావాలన్నా, ఎవరి పిల్లాడికి పాలు లేకపోయినా కేకే. డ్రోన్లొచ్చి పొట్లాలు దింపేవి. వాటికి లెక్కేం తెలుసు సార్? మేం పద్నాలుగు మందిమి, ఆరు పొట్లాలు. కింద వాటా బీబమ్మ ముందు పిల్లల్ని కూచోబెట్టి పంచింది. అంతకుముందు కుళాయి దగ్గర ఆమెతో నాకు ఆర్నెల్లు మాటల్లేవు.

రావు: ఆ తర్వాత క్యాంపులో పెట్టారు కదూ? ఒంటరిగా అనిపించిందా? (ఫోన్లో రికార్డింగు నొక్కాడు)

పిన్ని: ఒంటరా! బడి గదిలో ముప్పై మందిమి. ఒకే ప్లగ్గు. దానికి వంతులు పెట్టుకున్నాం. ఫోనుకో చీటీ, చీటీ మీద పేరు, పొద్దున ఆరింటి నుంచి అరగంటకొకరు. నా ఫోను పోయింది కదా, నా అరగంట బాలింతకిచ్చా. ఆమె ఫోన్లోంచి మా చెల్లికి చేశా. నంబరు నోటికొచ్చింది కాబట్టి సరిపోయింది. నోటికి రానివాళ్ళు కొడుకులతో మాట్లాడడానికి మూడు రోజులు పట్టింది.

ఓనరు: పోన్లే, సర్కారు డబ్బులొచ్చాయిగా. ఊరికే పోలేదు.

పిన్ని: ఊరికే రాలేదండీ. కింద వాటాకి 25 వేలు, పైవాటాకి 10 వేలన్నారు. రాసుకోడానికొచ్చినవాళ్ళు ఇక్కడ ఉంటున్నట్టు కాగితం చూపించమన్నారు. ఆధార్‌లో మా అత్తగారి ఊరు పామర్రుంది. మా ఇంటాయన అగ్రిమెంటు రాయడు. సందులో నలుగురు ముందుకొచ్చి, ‘ఈవిడ ఇడ్లీ తిననివాడు ఈ సందులో లేడు, రాసుకోండి’ అన్నారు. మొన్న బుధవారం పడ్డాయి.

ఓనరు: చూశారా రావుగారూ, కాగితం రాయని ఓనర్లూ ఉన్నారు. నేను రాస్తున్నా.

రావు: ఇంటికెప్పుడెళ్తావమ్మా?

పిన్ని: ఫైరింజనొచ్చి బురద కడిగింది గానీ గోడలు ఇంకా చెమ్మగానే ఉన్నాయి సార్. నా బండి అక్కడే ఉంది, చక్రం వంకరపోయింది. అందాకా గేటు దగ్గర స్టూలేసుకుని అమ్ముతున్నా. ఇక్కడికొచ్చి ఇరవై రోజులైంది. మూడో అంతస్తు మామ్మగారు మెట్లు దిగలేరని ఇడ్లీ పైకే పంపిస్తా. ఇస్త్రీబండాయనది మా పామర్రే. మీ వాటాలో నలుగురు సార్లు, బుధవారం వంట మీది.

రావు: నీకెలా తెలుసు?

పిన్ని: ఉప్మా మాడిన వాసనొస్తుందిగా సార్.

రావు: అదికాదమ్మా. ఇరవై రోజుల క్రితం వచ్చావు, రేపో మాపో వెళ్ళిపోతావు. ఈ మాత్రం దానికి వీధి వీధంతా నీకెందుకు?

పిన్ని: వెళ్ళిపోతాను కాబట్టే సార్. ఉండిపోయేదాన్నయితే నింపాదిగా పలకరించేదాన్ని.

(రావుగారు వాచీ చూసుకున్నారు. ఇంటర్‌సిటీ ఎవరి కోసమూ ఆగదు.)

ఓనరు: ఇదంతా సరే, నా కాగితం సంగతేంటి? ఏమ్మా, నువ్వు పెడతావా సంతకం?

పిన్ని: పెడతానండీ. ఈ సార్‌ని ఎరుగుదును. అప్పు పెట్టడు, చిల్లర అడుగుతాడు. (చెయ్యి తుడుచుకుని గుండ్రంగా రాసింది) అడ్రసు సింగ్‌నగర్ రాయనా, ఈ గది రాయనా?

ఓనరు: శాశ్వత చిరునామా అని ఉంది చూడు.

పిన్ని: (రావుగారి వంక తిరిగి) శాశ్వతం అంటే ఏది సార్?

రావు: అది... మా డిపార్టుమెంటు కాదమ్మా. రెండో సాక్షి సంగతి సోమవారం చూద్దాం. నీ నంబరు చెప్పు, గ్రూపులో చేరుస్తా.

పిన్ని: ఫోను ఇంకా కొనలేదు సార్. పొద్దున ఆరింటికి గేటు దగ్గరుంటా.

ఆటో వచ్చింది. రావుగారు ఎక్కారు, ఆటో బందరు రోడ్డు వైపు తిరిగింది. ఓనరుగారు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. ఏడుకొండలు నీళ్ళ మోటారు కట్టేసి అప్పుడే పైనుంచి దిగాడు. అతన్నెవరూ సంతకం అడగలేదు.