లవ్ సింబల్

పెద్దపల్లి జిల్లా సుల్తానాబాద్‌లో రైస్ మిల్లులు ఎక్కువ. అలాంటి ఒక మిల్లులో హమాలీ పని చేసే పెద్దాయన కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. అక్కడ వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది, స్టేటస్ కనిపిస్తుంది, కాల్ మాత్రం కలవదు. ఆ దేశం ఒప్పుకోదు. మామూలు ఫోన్ చేస్తే నిమిషాల లెక్కన డబ్బు కరుగుతుంది. అందుకే కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి వైపు గల్ఫ్ ఇళ్లలో స్టేటస్‌కు ఒకప్పటి జాబుకున్నంత విలువ ఉంది. 2017లో వచ్చిన ఈ స్టేటస్ 24 గంటలే నిలుస్తుంది. ఒకరిది అయిపోగానే ఇంకొకరిది దానంతటదే వస్తుంది. కానీ ఎవరెవరు చూశారో వరుసగా చూపిస్తుంది. రాయడం రాని తండ్రికి ఆ వరుసే జవాబు.

పెద్దాయన రోజూ ఒక ఫోటో పెడతాడు. నాటేసిన మడి, ఈనిన బర్రె, బిడ్డ కొడుకు పుట్టువెంట్రుకలు. రాత్రి బువ్వ తిన్నాక, చూసినవాళ్లలో కొడుకు ముఖం ఎక్కడుందో వెతుక్కుంటాడు. "పెద్దోడు చూసిండే" అని భార్యకు చెప్పాకే ఆ ఇంట్లో లైటు ఆరుతుంది.

డిసెంబరులో ఆమె వాకిట్లో జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. కరీంనగర్ తీసుకెళ్లి సిమెంట్ పట్టీ వేయించారు. కొడుక్కి ఫోన్ చేస్తానంటే ఆమే వద్దంది.

"పరాయి దేశంల ఉన్నోడు, పనికాడ మనసు చెడుతది. ఫోటో పెట్టు. చూసినంక వాడే చేస్తడు."

ఆమె ఆశ నాకు అర్థమవుతుంది. మనం చెబితే వచ్చే పలకరింపు వేరు, అడగకుండా వచ్చేది వేరు. మంచమ్మీద కూర్చుని, కట్టు వేసిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఫోటో దిగింది. కొడుకు భయపడకూడదని నవ్వింది కూడా.

సాయంత్రానికి కొడుకు పేరు పక్కన లవ్ సింబల్ వచ్చింది. స్టేటస్‌కు అలా గుర్తు పెట్టే వీలు 2024 అక్టోబరులో వచ్చింది. పెద్దాయనకు అది కొత్త. మిల్లుకొచ్చిన లారీ డ్రైవర్‌కు చూపించి అడిగాడు.

"అవ్వ మీద పానం పెట్టుకున్నడు కాకా నీ కొడుకు" అన్నాడతను.

ఆ మాటే ఇంటికి తెచ్చి చెప్పాడు. ఆమె ఎడమచేతి వేలితో ఆ గుర్తును తడిమింది.

ఫోన్ మాత్రం రాలేదు. డ్యూటీలు ఎక్కువై ఉంటాయని ఆయన, పైసలు దాచుకుంటున్నాడేమోనని ఆమె ఒకరికొకరు చెప్పుకున్నారు.

సంక్రాంతి దగ్గరపడ్డాక ఒక రాత్రి మామూలు ఫోనే మోగింది. ఆమె స్పీకర్ పెట్టమంది.

"బాపూ, మనూరి పిల్లగాడు సెలవు మీద వచ్చిండు గదా, పండుగైనంక మళ్లొస్తున్నడు. వానితోని సకినాలు పంపు. కొన్నయి వద్దు. అవ్వ చుట్టినయే కావాలె."

సకినం చుట్టాలంటే తడి బియ్యప్పిండిని వేళ్ల నడుమ మెలిపెడుతూ, తెగకుండా గుండ్రంగా తిప్పుకుంటూ పోవాలి. పట్టంతా మణికట్టుదే. పెద్దాయనకు నోట మాట రాలేదు.

"ఇంటున్నవా బాపూ? మొన్న నీ స్టేటస్‌ల అవ్వ ఫోటో చూసిన. నవ్వుకుంట మంచిగున్నది. లవ్ సింబల్ గూడ పెట్టిన గదా!"