ర్యాంకు కావాలంటే లెక్కలు రాకూడదు

2021 మే 31న రెండు ప్రభుత్వాలు కరోనా మీద రెండు నిజాలు ఒప్పుకున్నాయి. తమ దేశంలో కోవిడ్ చావులు 69 వేలు కాదు, లక్షా 80 వేలని పెరూ ప్రభుత్వం ఒప్పుకుంది. కృష్ణపట్నం ఆనందయ్య తన కరోనా నాటుమందు పంచుకోవచ్చని, కంట్లో వేసే చుక్కలు తప్ప, మన రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ పూటతో పెరూ తలసరి చావుల్లో ప్రపంచానికే ఫస్టు. మనం ఆ పట్టికలో ఎక్కడో కింద, క్షేమంగా ఉన్నాం. మందు పనిచేసిందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ర్యాంకుల సంగతి నెల్లూరు జిల్లావాళ్లకు ఒకరు చెప్పాలా! మహమ్మారి వస్తే ఎవరు బాగా తట్టుకుంటారో 2019 అక్టోబరులోనే పెద్దలు ర్యాంకులిచ్చేశారు. అమెరికా 1, బ్రిటన్ 2, వియత్నాం 50, మనం 57. అసలు పరీక్ష 2020లో జరిగింది. ఆ ఏడాది వియత్నాంలో పోయింది 35 మంది. అమెరికాలో మూడు లక్షలు దాటారు. కోచింగుకు పోయినోడు తప్పాడు, ఇంట్లో చదువుకున్నోడు గట్టెక్కాడు.

కారణాలు లేవనను. ఇటలీ ముసలి దేశం, మనది కుర్ర దేశం. రాష్ట్రంలో మొదటి కేసు, ఇటలీ నుంచి నెల్లూరొచ్చిన విద్యార్థి, హాయిగా కోలుకుని ఇంటికెళ్లాడు. పెరూ మనకన్నా ముందే, మనంత గట్టిగానే లాక్‌డౌన్ పెట్టింది. కానీ దాదాపు సగం ఇళ్లల్లో ఫ్రిజ్ లేదు. కూరగాయలకు రోజూ మార్కెట్టుకు పోవాల్సిందే. వైరస్ కూడా రోజూ మార్కెట్టుకే వచ్చింది.

వైరస్‌ను ఆపే ఈ శాస్త్రమంతా మా ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటలకు ఎప్పుడో తెలుసు. 'పీసీఆర్' అనే మాట మనుషుల నోట పడింది 2020లో. హ్యాచరీ రొయ్యపిల్లకు ఆ టెస్టు అంతకు ఏళ్ల ముందు నుంచే ఉంది. మైపాడు దారిలో చూడండి: కాకి వాలకుండా గుంట మీద వల, ఎండ్రకాయ దూరకుండా గట్టు చుట్టూ కంచె. ఈ గుంటలో ముంచిన బకెట్టు పక్క గుంటలో ముంచనివ్వరు. 1994-95లో వైట్ స్పాట్ వైరస్ వచ్చి జిల్లా రొయ్యను ఊడ్చేశాక వంటబట్టిన చదువిది. ఇంత చేసినా, తెగులు తగిలిన గుంట నీళ్లను అర్ధరాత్రి కాలవలోకి వదిలే మహానుభావుడు ఒక్కడుంటే చాలు. పొద్దున్నే అడిగితే, "మా గుంటకేంది బావా, బంగారంలా ఉంది" అంటాడు. పట్టుబడి రోజు మాత్రం నోరు పెగలదు. వదిలిన పిల్లెంత, తేలిన రొయ్యెంత, కాటా చెప్పేస్తుంది.

మనుషులకూ ఒక కాటా దొరికింది, సుప్రీంకోర్టులో. కోవిడ్‌తో పోయినవారి కుటుంబానికి 50 వేలివ్వాలన్నారు. 2022 జనవరికి ఆంధ్రప్రదేశ్ లెక్కలో కోవిడ్ మృతులు 14 వేల చిల్లర. పరిహారానికి దరఖాస్తులు 36 వేలు. అందులో 31 వేలు అర్హమైనవేనని ప్రభుత్వమే తేల్చింది. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లో పోయినా ఇవ్వాలన్న నిబంధన వల్ల పెరిగాయంటారు. సరే. ఆ నిబంధన ముందే ఉంటే సర్కారు బులెటిన్లో చావులు కూడా పెరిగేవి కదా! తెలంగాణ మనకన్నా రెండాకులు ఎక్కువే చదివింది: చావులు 4 వేల లోపు, దరఖాస్తులు 29 వేలకు దగ్గర. బతికున్నోళ్లకు రెండు చోట్ల ఓటున్నట్టు, పోయినోళ్లకు రెండు లెక్కలు.

2020, 21ల్లో భారత్‌లో మామూలుకన్నా 47 లక్షల మంది ఎక్కువగా పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన బులెటిన్ 4 లక్షల 80 వేల దగ్గర ఆగింది. ఆ అంచనా పద్ధతే తప్పని ఢిల్లీ గట్టిగా అభ్యంతరం చెప్పింది. అంచనాలెందుకు, అసలు రిజిస్టరే చూద్దామంటే, 2021లో నమోదైన చావుల పుస్తకం 2025 మేలో బయటికొచ్చింది. కోటీ 2 లక్షలు! ముందటి ఏడాదికన్నా 21 లక్షలు ఎక్కువ. చావులు పెరిగాయేమంటే నమోదు మెరుగుపడిందన్నది సర్కారు దగ్గర ఎప్పుడూ ఉండే జవాబు. నిజమే కావచ్చు. ఆ ఏడాది జనం నమోదుకు బాగా సహకరించారు.