ఒక నీటిరంగుల ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

మూలం:

ఏటి నీట ముంచి యేటినే పూసెను
తెలుపు ముట్టకుండ తేల్చె మబ్బు
ఆరునంతలోన నరుదెంచెఁ జిరువాన
చిత్రకర్త యెవరు చెప్పుమయ్య

అవతారిక: ఈ పద్యం రాజమండ్రి గోదావరి గట్టున పుట్టింది. తాళపత్రం మీద కాదు, 300 జీఎస్సెమ్ దళసరి కాగితం వెనకవైపు పెన్సిలుతో రాసి ఉంది. ముందువైపు నీటిరంగుల బొమ్మ. కవి పేరు ఎక్కడా లేదు. బొమ్మకు కుడివైపు అడుగున ఒక సంతకం ఉంది గాని చదవడానికి వీలుపడేది కాదు. చిత్రకారుల సంతకాలకు ఆ లక్షణం సహజం. మకుటం లేదు కనుక ఏ శతకంలోనిదీ కాదు.

కాలనిర్ణయం: బొమ్మలో కమాన్ల వంతెన మీద రైలు పోతోంది, పక్కన పాత హేవలాక్ వంతెన ఖాళీగా పడి ఉంది. హేవలాక్ వంతెన మీద రైళ్ళు మానేసింది 1997లో. పద్యం అంతకు ముందుది కాజాలదు. దీన్ని చిత్రకారుడు దామెర్ల రామారావు నాటికి జరపాలని కొందరికి ఉబలాటం. గట్టు అదే, ఏరు అదే, నిజమే. గాని ఆయన 1897లో పుట్టి 1925లో, ముప్పై నిండకుండానే పోయారు. ఆయన చేతిని చిన్నతనంలోనే కనిపెట్టి బొంబాయి జేజే స్కూలు దారి పట్టించిన ఓస్వాల్డ్ కూల్డ్రే, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు, అంతకంటే ముందే ఊరు విడిచారు. అంతటివాళ్ళ పేరు తగిలిస్తే పద్యానికి పరువు పెరుగుతుంది గాని ఆ రైలు ఒప్పుకోదు.

తాత్పర్యం: ఒకాయన పొద్దున్నే గట్టుకు వచ్చి బొమ్మ వేశాడు. వాన పడింది. ఇంతే. ఇంత చిన్న సంగతికి ఇంత టీక దేనికని అడిగేవారు ఎన్నడూ ఆరుబయట కూర్చుని నీటిరంగులు వేసి ఉండరు.

ఏటి నీట = నది నీళ్ళలో. ఇక్కడ 'టాంకు నీట' అని హైదరాబాదు ప్రతుల్లో పాఠాంతరం. హుస్సేన్‌సాగర్ గట్టున కూర్చుని వేసేవారు దిద్దుకున్నది కాబోలు. గణం సరిపోయింది గాని యతి పోయింది. ఆ నీళ్ళలో ముంచితే కుంచె కూడా పోతుంది. కనుక అగ్రాహ్యం. ఇక ఏటి నీరే ఎందుకు, ఇంటినుంచి సీసాతో తెచ్చుకోరాదా అని ఆక్షేపణ. తెచ్చుకున్నాడు. అనుభవం ఉన్నవాడెవడైనా రెండు సీసాలు పెట్టుకుంటాడు, ఒకటి కుంచె కడగడానికి, ఒకటి రంగు కలపడానికి. పది గంటలకల్లా రెండూ ఒకే రంగు అవుతాయి. అప్పుడు మెట్లు దిగి ఏటిలో ముంచుకోక గతి లేదు. అందులోనూ వానాకాలపు గోదారి ఎర్రగా వస్తుంది. ఆ నీటితో ఏటిని పూస్తే సగం రంగు డబ్బు పెట్టకుండా వచ్చినట్టే. కవి పిసినారి అని దీనివల్ల సూచితం.

ముంచి = ముంచినవాడై. దేన్ని? కర్మపదం లేదు. కుంచెను అని అధ్యాహారం చేసుకోవాలి. కొందరు దీన్ని టీ కప్పుకు కూడా అన్వయించారు, పొరపాటున ముంచడం చిత్రకారుల్లో సాధారణం కాబట్టి, మేము అంగీకరించము. కుంచెకు పొట్ట ఉండాలి, నీళ్ళు పట్టడానికి. తడిపి ఒక్కసారి విదిలిస్తే మొన తేలాలి. ఈ రెండూ ఉన్న వెంట్రుక మన దేశంలో ఒకప్పుడు ముంగిసది. ఇప్పుడది 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. పద్యంలో కుంచె మాట ఎత్తకపోవడానికి ఇదే కారణమని ఒక వాదం. కవి వాడింది నైలాను కుంచె అయి ఉంటుంది, సంకోచపడనక్కర్లేదు.

ఏటినే పూసెను = నదినే రంగుగా పరిచెను. ఈ క్రియ దగ్గర కొంచెం ఆగాలి. పలచటి కాగితం తడిస్తే అప్పడంలా లేస్తుంది. అందుకే 300 జీఎస్సెమ్. అట్టకు నాలుగువైపులా టేపు వేసి, పైఅంచు కింద ఒక డబ్బా పెట్టి వాలుగా ఉంచుతారు. కుంచె నిండా రంగునీళ్ళు తీసి ఎడమనుంచి కుడికి ఒక గీత లాగితే, దాని కింది అంచున నీళ్ళు పోగై బొట్టుకట్టి నిలబడతాయి. తరవాతి గీత ఆ నీటి అంచును తాకుతూ లాగాలి. అలా ఆ నీళ్ళను అడుగుదాకా దింపుకొచ్చి, చివరికి పిండిన కుంచెతో పీల్చేయాలి. దీన్ని వాష్ అంటారు. మధ్యలో ఎవరైనా పలకరించి తల తిప్పితే ఆ చోట గీత ఎండి, ఆకాశానికి అతుకు పడుతుంది.

పలకరించకుండా ఉండరు. పద్యంలో గట్టు మీద జనం ప్రస్తావన లేకపోవడం మహా లోపం. ఆరుబయట బొమ్మలో వాళ్ళది సగం పాత్ర. "ఏవండీ, బొమ్మేత్తన్నారాండి?" అన్నది మొదటి ప్రశ్న. "ఫొటో తీసుకుంటే సరిపోద్ది కదండీ" అన్నది రెండోది. ముంత మసాలా అమ్మే ఆయన మాత్రం పని మానుకుని వెనక నిలబడి లెక్కపెట్టి, "కమాన్లు 28 ఉంటాయండి, మీరు తొమ్మిదే ఏసేరు" అన్నాడట. వంతెనకు 28 కమాన్లే, కాదనలేం. కొవ్వూరు వైపు పోనుపోను అవి సన్నబడి మబ్బులో కలిసిపోతాయని శాస్త్రం చెప్పబోతే "అయితే సగం డబ్బులకే ఇస్తారాండి" అన్నాడట. రేవులో పడవాయన వాదం వేరు. తన పడవ బొమ్మలో మరీ లోతుగా ఉందని, చూసినవాళ్ళు మునిగిపోతోందనుకుని ఎక్కరని ఆయన బాధ. ఆయన మాటమీద పడవను కొంచెం పైకి తేల్చినట్టు బొమ్మలో ఆనవాళ్ళున్నాయి.

తెలుపు ముట్టకుండ = తెల్లరంగును తాకకుండానే. 'కుండ'ను విడదీసి నీళ్ళ కుండ అని అర్థం చెప్పినవారున్నారు, వారికి నమస్కారం. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే. రంగు పలచగా పరుస్తారు కనుక వెలుగు దాన్ని దాటిపోయి కాగితానికి తగిలి తిరిగొస్తుంది. పెట్టెలో తెల్లరంగు ఉండదని కాదు. చైనీస్ వైట్ పేరుతో జింక్ తెలుపును 1834లో విన్సర్ అండ్ న్యూటన్ వాళ్ళు తెచ్చారు, నేటికీ చాలా పెట్టెల్లో ఉంటుంది. నీలం అయిపోతుంది, ఎరుపు అయిపోతుంది, ఆ బిళ్ళ మాత్రం చెక్కుచెదరదు. దాన్ని ముట్టడం సంప్రదాయంలో దోషం. మబ్బు కావాలంటే మబ్బు తప్ప తక్కినదంతా వెయ్యాలి. రంగు లేకుండానే మబ్బు పుట్టింది. కారణం లేకుండా కార్యం పుడితే విభావనాలంకారం. అలంకారశాస్త్రం ఇంత చక్కగా అన్వయించే చోటు కావ్యాల్లోనూ అరుదు.

మబ్బు కింది నీడకు బూడిదరంగు ఎక్కడిదన్న ప్రశ్నకు బొమ్మే జవాబు చెబుతోంది. ఫ్రెంచ్ అల్ట్రామెరైన్, బర్న్‌ట్ సియెన్నా, రెండూ కలిపాడు. మొదటిది ఒకప్పుడు ఆఫ్ఘనిస్తాన్ గనుల రాయి నూరితే వచ్చే నీలం. కృత్రిమంగా చేసే పద్ధతికి 1828లో ఫ్రాన్సులో బహుమతి దక్కాక మామూలు మనుషులకు అందింది. రెండోది ఇటలీలో సియెన్నా పేరున్న మట్టి, కాల్చింది. గోదావరి మీద మబ్బుకు ఇన్ని దేశాలు తిరగాలా అంటే, తిరగాలి. ఇంతకంటే విచిత్రం ఇండియన్ యెల్లో. మామిడాకులు మేపిన ఆవుల మూత్రంతో బీహారులో ముంగేరు దగ్గర దాన్ని చేసేవారని 1883లో త్రైలోక్యనాథ్ ముఖోపాధ్యాయ్ లండనుకు లేఖ రాశారు. ఇది ప్రస్తుతానికి అప్రస్తుతం, బొమ్మలో పసుపు లేదు. అయినా చెప్పకుండా ఉండలేకపోయాము.

ఆరునంతలోన = ఆరేలోపల. మే నెలలో అయితే వాష్ అడుగుకు చేరకముందే పైన ఎండిపోతుంది. వానాకాలంలో గంటయినా ఆరదు. తడికీ ఆరడానికీ మధ్య ఒక క్షణం ఉంటుంది. కాగితాన్ని పక్కనుంచి చూస్తే తడి మెరుపు పోయి మసకేస్తుంది. అప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవాలి. సరిగ్గా అప్పుడే చేతులు ఊరుకోవు. ఆ అరతడిలో నీళ్ళ కుంచె తగిలిందా, కొత్త నీళ్ళు పాత రంగును బయటికి తోసి, రంపపు పళ్ళ అంచుతో ఒక మచ్చ కడతాయి. చిత్రకారులు దాన్ని కాలీఫ్లవర్ అంటారు. ఉద్దేశపూర్వకంగా వేశానని చెప్పుకుంటారు.

అరుదెంచెఁ జిరువాన = చిన్న వాన విచ్చేసెను. 'వచ్చె' అనక 'అరుదెంచె' అనడం గౌరవం. ఒక్కో చినుకు ఒక్కో కాలీఫ్లవర్ వేసింది. ఇందులో శాస్త్రం ఉంది. రంగుపొడిని కాగితానికి పట్టి ఉంచేది తుమ్మజాతి చెట్టు బంక. ఎండినా మళ్ళీ నీళ్ళు తగిలితే కరగడం ఆ బంక గుణం. నిరుడు ఎండిన బిళ్ళ ఇవాళ కుంచెకు లేచేది దానివల్లే. ఉదయం ఎండిన రేవు మధ్యాహ్నం వానకు లేచిపోయేదీ దానివల్లే.

చిత్రకర్త యెవరు = ఈ బొమ్మకు కర్త ఎవడు? వ్యాకరణరీత్యా ఇది గడ్డు సమస్య. పూసెను, తేల్చె అనే రెండు క్రియలకు కర్త కనబడడు. పద్యం మొత్తంలో కర్తృపదంతో సహా నిలిచింది వాన ఒక్కటే. చిత్రకారుడే కర్త అని ప్రాచీనులు. పొద్దుటినుంచీ కూర్చున్నది ఆయనే కదా. నీరే కర్త, ఆయన పలక వాల్చి పట్టినవాడు మాత్రమే అని నవ్యులు. మేము నవ్యుల పక్షం. బొమ్మలో చూడండి, ఆయన గంటసేపు కష్టపడ్డ కమాన్లు బిగుసుకుపోయి ఉన్నాయి. వాన వేసిన ఆకాశం మాత్రం నిజంగా తడిసినట్టుంది. అయితే సంతకం పెన్సిలుతో చేశాడు, పెన్సిలు గీత నీళ్ళకు కరగదు. కోర్టుకు వెళ్తే ఆయనే గెలుస్తాడు. సందేహాలంకారం.

చెప్పుమయ్య = ఓ అయ్యా, చెప్పు. ఎవరీ అయ్య? దేవుడని భక్తులు, గురువని మరికొందరు. రేవులో మరోలా చెబుతారు. వాన పడుతుంటే గొడుగు తెచ్చి పట్టినవాడు ఆ పడవాయనే, కవి అడిగిందీ ఆయన్నే. ఆయన గొడుగు అలాగే పట్టుకుని బొమ్మ మీదికి వంగి, వానకు తుడిచిపెట్టుకుపోయిన రేవంతా వెతికి, "కర్తెవరైతే నాకేటండి, నా పడవేదండి?" అన్నాడట.