విలోమాంక మహావాక్యము: టీకా తాత్పర్య సహితము

మూలము: “మన నంబరు ముందు నుంచి చదివినా, వెనక నుంచి చదివినా ఒకటేనండీ! ఏ అవసరమొచ్చినా కొట్టండి.”

అవతారిక: మస్కట్‌లో సీబ్ విలాయత్‌కు చెందిన అల్ మవాలే అను పేట కలదు. అచటి పెద్ద మాల్ ఫుడ్‌కోర్టులో, వేలంలో పాడుకున్న ఫ్యాన్సీ నంబరు గల ఒకానొక తెలుగు పెద్దమనిషి, కార్డులు పంచుచు పలికిన వాక్యమిది.

టీక: “ముందు”, “వెనక” సులభములు, వదలితిమి. “ఒకటే” అనుచోట ఆగవలె. ఒమాన్ మొబైల్ నంబరుకు ఎనిమిది అంకెలు. సరిసంఖ్యలో అంకెలున్న విలోమసంఖ్య ఏదైనను 11 చేత నిశ్శేషముగా భాగింపబడును. ఏలన, బేసిస్థానమందలి ప్రతి అంకెకును కవల సరిస్థానమున కూర్చుండును; రెండు మొత్తముల భేదము సున్న. కావున అట్టి వాటిలో 11 ఒక్కటియే ప్రధానసంఖ్య. ఈ పెద్దమనిషి నంబరు ప్రధానము కాజాలదని సిద్ధాంతము. అపూర్వమును కాదు: మొదటి నాలుగంకెలు తేలితే తక్కినవి తేలినట్లే గనుక, 9తో మొదలగునవే వెయ్యి కలవు.

ప్రసంగవశమున: క్రీ.శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమందు, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహము రచించెను. గుణకారము నేర్పుచు, ఫలితము అటునిటు ఒక్కటిగా వచ్చు లెక్కలను కూర్చి, కంఠహారములనెను. 12345679ని (8 లేదు, గమనింపుడు) 9తో హెచ్చింప 111111111. 27994681ని 441తో హెచ్చింప 12345654321; ఇది 111111కు వర్గము కూడ! 142857143ని 7తో హెచ్చింప 1000000001: కొసలకు రెండు మణులు, నడుమ ఎనిమిది ముత్యాలు. పదియంకెలది గనుక 11 ఇందును దాగియున్నది. 13, 19 సైతము. ఈ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. నన్నయ నాటివాడా, తరువాతివాడా అను తగవు పండితులది. మాకు ముచ్చట వేరు. ఆ గుణకారములు చేతితో చేసి చూడుడు. మోసుకొచ్చిన అంకెలతో పలక నిండును, ఎక్కడో తప్పు పడెనని అనుమానము కలుగును, చిట్టచివరి కూడికలో హారము బయటపడును. చెమటోడ్చిన పిల్లవాడిదే ఆ నగ. దుకాణంలో అమ్మలేదు దాన్ని.

ఏమి వ్యాఖ్యానించుచుంటిమి? ఆ, నంబరు.

పూర్వపక్షము: సులువుగా గుర్తుండు నంబరు పరోపకారమే కదా?

సమాధానము: గుర్తుండును. అదే బాధ. జూన్ నెలలో సైట్ నుంచి వచ్చిన మా గది కుర్రాడు వడదెబ్బకి కూలిపోతే, కార్డు వెతకక్కర్లేకుండానే కొట్టాం. మోగింది. మళ్లీ కొట్టాం. వారం తర్వాత వాట్సాప్‌లో ఆయన్నుంచి వచ్చింది: “22-02-2022 గుర్తుందా, ఎంత అద్భుతమైన తేదీ!”

(22022022ను 11 చేత భాగింప 2002002. ఇదియు విలోమమే. ఎంత అందమో!)

తాత్పర్యము: అటు నుంచి కొట్టినా, ఇటు నుంచి కొట్టినా ఎత్తడని భావము.

విశేషము: ఒమాన్‌లో పోలీసుల అత్యవసర నంబరు 9999. ఇదియు విలోమమే, 11 చేత భాగింపబడునదే. ఆ రాత్రి రెండో రింగుకే ఎత్తారు.