“పెందలాడే పడుకో”: టీకా తాత్పర్య సహితం

మూలం: “రేపట్నుంచి బడి. ఈ రాత్రికైనా పెందలాడే పడుకో!”

అవతారిక. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏప్రిల్ నాలుగో వారంలో మూతపడ్డ బడులు జూన్ 12న తెరుచుకోవడం ఆనవాయితీ. ఈ వాక్యం జూన్ 11 రాత్రి తొమ్మిదింటికి వంటింటి గడప మీంచి వెలువడుతుంది. వక్త తల్లి, శ్రోత ఏడో తరగతి కుమారుడు, రసం రౌద్రం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిన పట్టి కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మహానుభావుడు మల్లినాథ సూరి. ఆయనకు దొరికింది కాళిదాసు కాబట్టి ఆ ప్రతిన చెల్లింది. ఇక్కడ మూలం రెండు ముక్కలే, లేనిదే ఎక్కువ. అందుచేత ఈ వ్యాఖ్యాత ఏ ప్రతినా పట్టడం లేదు.

టీక. బడి = ఇక్కడ భవనం కాదు, లక్షణార్థంలో ఏడుంబావు బస్సు. ఈ రాత్రికైనా = గడచిన దాదాపు ఏడు వారాల రాత్రులు మరోలా గడిచాయనీ, అందుకు వక్త సమ్మతి కూడా ఉందనీ ధ్వని. పెందలాడే = ఎన్నింటికో చెప్పలేదు, చెబితే చిక్కే. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో తేల్చింది. ఏడుంబావు బస్సుకు ఆరింటికి లేవాలి. పన్నెండేళ్ల వాడికి తొమ్మిది గంటలు లెక్కేసినా రాత్రి తొమ్మిదికే నిద్రలో ఉండాలి. అంటే ఈ ఆజ్ఞ వెలువడే వేళకే దాని గడువు తీరిపోయింది. పడుకో = మధ్యమ పురుష ఏకవచనం. టీవీ ముందున్న తండ్రికీ, ఫోన్ చూస్తున్న అక్కకీ, ఆజ్ఞాపించిన వక్తకీ ఇది వర్తించదని భావం.

ఇక దోష విచారం. ఈ వాక్యంలో దోషం కోపం కాదు, కాలం. పొద్దున చేయాల్సిన పనిని ఇది రాత్రికి అప్పగించింది. మెదడు అడుగున, రెండు కళ్ల నరాలూ కలుసుకునే చోటికి కాస్త పైన, నిద్రా మెలకువలను నడిపే గడియారం ఒకటి ఉంది. దాని రోజు సగటున 24 గంటల కన్నా కొద్దిగా ఎక్కువ. కాబట్టి వెనక్కి జరగడం దానికి సహజం, ముందుకు రావడం కష్టం. సెలవుల్లో ఎవరూ నేర్పకుండానే పిల్లలు పదకొండున్నరకు జారుకుంటారు. తిరిగి తొమ్మిదికి రావడమే గగనమవుతుంది. పైగా అలవాటైన నిద్రవేళకు ముందు రెండు మూడు గంటలు మనిషి బాగా చురుగ్గా ఉంటాడని నిద్రను పరిశోధించినవాళ్లు ఎప్పుడో గమనించారు. పదకొండున్నరకు నిద్రపోయే పిల్లవాడికి తొమ్మిది అంటే సరిగ్గా ఆ వేళే. వాడు మంచమెక్కి దొర్లడం, మంచినీళ్లు అడగడం, ఫ్యాను గొణుగుతోందని ఫిర్యాదు చేయడం మొండితనం కిందికి రావు. వాడి గడియారం వాడికి చెబుతున్నది అదే. మరి ఆ గడియారాన్ని తిప్పేది ఏమిటి? వెలుతురు. రాత్రి వెలుతురు దాన్ని ఇంకా వెనక్కి నెడుతుంది, పొద్దుటి వెలుతురు ముందుకు లాగుతుంది. జూన్‌లో మనకు ఆరు కాకముందే తెల్లవారుతుంది, అదీ ఉచితంగా. కర్టెన్లు బిగించిన ఏసీ గదిలోకి మాత్రం అది రాదు. అందుచేత సిద్ధాంతం ఇది: నిద్రను ఆజ్ఞాపించలేం, మెలకువను ఆజ్ఞాపించగలం. ముందు లేచే వేళ జరగాలి, రోజుకో పావుగంట చొప్పున, బడికి పది పన్నెండు రోజుల ముందు నుంచి. లేచినవాణ్ణి వాకిట్లోకో డాబా మీదికో పంపితే పడుకునే వేళ దాని వెనకే వస్తుంది.

పూర్వపక్షం. “మా చిన్నప్పుడు ఇవన్నీ ఎవరు చూశారు? ఒక్క కేకకు నిద్రపోయేవాళ్లం” అని తాతగారి ఆక్షేపణ. సమాధానం: నిద్రపుచ్చింది కేక కాదు. ఊరంతా దీపాలార్పిన చోట, ఆరుబయట మంచాల మీద, ఇంటిల్లిపాదీ పడుకునే వేళకు ఆ కేక వచ్చేది. పని చేసింది చీకటి, పేరు కేకకు దక్కింది.

“ఇరవై ఒక్క రోజులు కష్టపడితే ఏ అలవాటైనా వస్తుందట, బడి తెరిచాక చూసుకుందాం” అని మరో వాదం. ఆ ఇరవై ఒకటికి మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960 నాటి పుస్తకం. కొత్త ముఖానికి అలవాటు పడడానికి రోగులకు కనీసం అన్ని రోజులు పడుతుందని ఆయన రాశాడు. చేతులు మారే సరికి ‘కనీసం’ రాలిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మంది మీద చేసి 2009లో వెలువరించిన అధ్యయనంలో ఒక అలవాటు కుదురుకోవడానికి పట్టిన కాలం సగటున 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. వాళ్లు పెద్దవాళ్లు, ఎంచుకున్నవి పండు తినడం, నడవడం వంటివి, కాబట్టి ఈ అంకెను పిల్లల నిద్రకు యథాతథంగా అతికించకూడదు. అయినా సరదాకి లెక్కేస్తే జూన్ 12న మొదలెట్టినవాడికి అరవై ఆరో రోజు ఆగస్టు 16, జెండా వందనం మర్నాడు. మొదటి వారంలోనే “వీడు మారడు” అని తీర్పు చెప్పేవారు గమనించాలి. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా ఆ అధ్యయనమే చెబుతోంది. పెళ్లిళ్ల సీజనున్న దేశంలో ఇది చిన్న వరం కాదు. ఆదివారం పదింటిదాకా పడుకోనివ్వడం వేరు సంగతి. ప్రతి వారం గడియారాన్ని వెనక్కి తిప్పి సోమవారం తిట్టడం న్యాయం కాదు.

అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ ఇంకొకటి ఉంది: “ట్యూషన్ ఎనిమిదిన్నరకు వదుల్తారు, ఆపైన హోంవర్కు. అమ్మానాన్నలు ఇల్లు చేరేదే ఎనిమిదింటికి. తొమ్మిదికి నిద్ర ఎక్కడ?” దీనికి వ్యాఖ్యాత దగ్గర పూర్తి సమాధానం లేదు, ఉన్నట్టు నటించడమూ లేదు. వయసుకొచ్చే పిల్లల్లో గడియారం దానంతటదే వెనక్కి జరుగుతుంది కాబట్టి బడి గంటే ఆలస్యంగా కొట్టాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లో కోరింది, ఎనిమిదిన్నర కన్నా ముందు వద్దని. కాలిఫోర్నియా దాన్ని చట్టం చేసి 2022 నుంచి హైస్కూళ్లలో అమలు పెట్టింది. మన దగ్గర పోటీ తెల్లవారుజాము స్టడీ అవర్ ఎవరు ముందు పెడతారన్న దాని మీదే నడుస్తోంది. చదివింది మెదడులో స్థిరపడేది చాలా మటుకు నిద్రలోనే అని తెలిసి కూడా నిద్రను కోసి చదువుకు అతికించడం గోతాం అడుగున చిల్లు పెట్టి పైనుంచి ధాన్యం పోయడమే. బడిని మార్చడం ఒక్క తల్లి చేతిలో లేదు, నిజమే. ట్యూషన్ అవసరమా, ఉంటే ఏ వేళకి అన్నది మాత్రం ఇంట్లోనే తేలే మాట. కనీసం జూన్‌లో, ఫీజు కట్టకముందు.

పాఠాంతరం. కొన్ని ఇళ్లలో “ఫోన్ అక్కడ పెట్టి పడుకో” అని ఉంది. అర్థం బాగుంది కానీ వక్త చేతిలోనూ ఫోన్ ఉండడం వల్ల ఈ పాఠానికి ప్రామాణ్యం తక్కువ. ఈ వ్యాఖ్యాత సవరించిన పాఠం జూన్ ఒకటో తేదీ పొద్దున చదవదగినది: “రేపట్నుంచి రోజూ పావుగంట ముందు లేద్దాం.” దీనిలో క్రియ ఉత్తమ పురుష బహువచనంలో ఉంది గనుక ఇంటాయన ఈ పాఠాన్ని ఇంకా అంగీకరించలేదు.