సీసాలు కడగని బ్రష్షు

మేడ్చల్ అవతల మా ఇంటి జాగాలో పైన జానెడు ఎర్రమట్టి, కింద మొరం, ఆ కింద బండ. గడ్డపార వేస్తే గుడిగంటలా ఖంగుమంటుంది. అక్కడ గులాబీలు పెంచాలనుకోవడం నా మొదటి తప్పు. రెండోది మల్లె, మూడోది మందారం.

శామీర్‌పేట దారిలో ఒక నర్సరీలో నా గోడు వెళ్లబోసుకుంటే, అక్కడి పిల్లగాడు నన్ను ఎగాదిగా చూశాడు. "మీ అసొంటోళ్లకు ఇదే కరెక్టు సార్. చంపుదామన్నా చావది" అంటూ బాటిల్ బ్రష్ మొక్క చేతిలో పెట్టాడు. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా. 1770లో కెప్టెన్ కుక్ ఓడలో బోటనీ బే చేరిన జోసెఫ్ బ్యాంక్స్, అక్కడ వింత మొక్కలను ఎంతో ముచ్చటపడి సేకరించాడు. నేను నా వింత మొక్కను స్కూటర్ మీద కాళ్ల మధ్య ఇరికించుకుని తెచ్చాను.

గేటు దగ్గరే అమ్మ ఆపింది.

"గిదేం చెట్టురా? పూలు దేవునికి పెడ్తరా?"

"పెట్టరమ్మా."

"కూరొండుకుంటరా?"

"లేదు."

"మరెందుకు, సీసాలు కడుగనీకెనా?"

రోజూ రెండు బిందెల బోరునీళ్లు, వారానికో తట్ట పేడ ఎరువు. కింద బండ, పైన బిందె! నీళ్లు పోయే దారి లేక, వేళ్లకు ఊపిరాడక ఆకులు పచ్చకామెర్లు వచ్చినట్టయ్యాయి. "దాన్ని జర ఇడిచిపెట్టు బిడ్డా" అంది అమ్మ.

ఎండాకాలం నెల రోజులు ఊరెళ్లి వచ్చేసరికి గులాబీలు పుల్లలయ్యాయి. ఇది మాత్రం ఎర్రగా విరగబూసింది! రెమ్మ చుట్టూ కుంచెలా సన్నటి పోగులు. అవి రేకులు కావు, కేసరాలు. పువ్వు దగ్గర కొమ్మ ఆగదు, దాన్ని దాటుకుపోయి మళ్లీ ఆకులేస్తుంది. ఒక తేనెపిట్ట తలకిందులుగా వేలాడుతూ విందు చేస్తోంది. ఇది జామ, నేరేడు, లవంగం కుటుంబమేనని చెబితే అమ్మ కసిరింది: "మనోళ్లేనని ముందే చెప్పొద్దారా!"

దసరాకు మళ్లీ పూసింది. చుట్టూ వెంచర్లు లేచాక మా దిక్కు బతుకమ్మకు గునుగు దొరకడం గగనమైంది. నేను కత్తెర తాకించడానికి కూడా భయపడ్డ కొమ్మలను అమ్మ టకటకా కత్తిరించి, తంగేడు వరుస మీద పేర్చింది. "గునుగుకైతే రంగు ముంచాలె. దీనికి ఆ తిప్పల లేదు."

చెరువు కట్ట మీద ఒకావిడ వంగి చూసింది. "ఇదేం పువ్వు వదినా?"

అమ్మ తడుముకోలేదు. "ఎర్ర గునుగు. మా ఇంటిదే."